అక్వేరియం ఎల్‌ఈడీ లైటు ఎన్నేళ్లకి మార్చాలి? ట్యూబులైటు లెక్క దీనికీ వర్తిస్తుందా?

#1 గాజుతొట్టి

రెండడుగుల ట్యాంకు, 60×30×36 సెంటీమీటర్లు. పైన 12 వోల్టుల, 24 వాట్ల ఎల్‌ఈడీ లైటు. అడాప్టరు విడిగా ఉంది. టైమరు మీద రోజుకి 8 గంటలు వెలుగుతుంది. మూడేళ్లు నిండాయి, ఒక్క ఎల్‌ఈడీ కూడా ఆరిపోలేదు. కానీ ఆరు నెలలుగా రోటాలా (ఎర్ర కొసల కాడ మొక్క) కింది ఆకులు రాలుతున్నాయి, కణుపుల మధ్య దూరం పెరిగింది, కొసల్లో ఎరుపు పోయి పచ్చగా మారింది. వాలిస్‌నేరియా కూడా మందగించింది. సీఓ2 (మొక్కల కోసం నీళ్లలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్) లేదు. ఎరువు ఎప్పటిలాగే వారానికోసారి. బోరు నీళ్లు, పైన గాజు మూత.

షాపులో అడిగితే "లైటు ముసలిదైపోయింది, ఏటా మార్చాల్సిందే" అన్నారు. డబ్బా మీద చూస్తే 50,000 గంటలు అని రాసి ఉంది. ఏది నమ్మాలి?

#2 నీటిమొక్క

రెండూ పూర్తిగా నమ్మొద్దు.

ఏటా మార్చమనే మాట టీ5, టీ8 ట్యూబుల కాలం నాటిది. అప్పుడది సబబే. ట్యూబులో ఫాస్ఫరు పూత క్షీణిస్తుంది, పాదరసం కొంత గాజులోకీ పూతలోకీ ఇంకిపోతుంది, రెండు చివర్లా నల్లబడుతుంది. కంటికి వెలుగు బాగానే ఉన్నట్టుంటుంది గానీ మొక్కలకి అందేది తగ్గిపోతుంది. అందుకే 9 నుంచి 12 నెలలకి మార్చేవాళ్లు. ఆ అలవాటే ఎల్‌ఈడీకి అంటగట్టేశారు.

ఇక 50,000 గంటల సంగతి. రోజుకి 8 గంటల చొప్పున 6,250 రోజులు, అంటే 17 ఏళ్లు. ఆ అంకెకి అర్థం 17 ఏళ్ల తర్వాత ఆరిపోతుందని కాదు, అప్పటికి వెలుగు మొదటి దానిలో 70 శాతానికి పడిపోతుందని. దాన్నే ఎల్70 అంటారు. పైగా అది లోపలున్న ఒక్కో ఎల్‌ఈడీ చిప్పుకి ఇచ్చిన లెక్క, మొత్తం లైటుకి కాదు. ఎల్‌ఎం-80 పరీక్షలో చిప్పులని వేడి అదుపులో ఉంచి కనీసం 6,000 గంటలు వెలిగిస్తారు. ఆ ఫలితాన్ని టీఎం-21 పద్ధతిలో ముందుకి సాగదీస్తారు, అదీ పరీక్ష జరిగిన గంటలకి 6 రెట్లు మించకుండా. అంటే 6,000 గంటల పరీక్షతో చెప్పగలిగేది 36,000 వరకే. 50,000 అనాలంటే 9,000 గంటలైనా పరీక్ష జరిగి ఉండాలి. డబ్బా మీద ఉత్త అంకె వేసి ఏ చిప్పో చెప్పని లైటుకి ఆ అంకె అలంకారమే.

పరీక్షలో చిప్పు పొడి గదిలో ఉంటుంది. మన దగ్గర నీటి ఆవిరి మీద, వేసవిలో 40 డిగ్రీల గదిలో, సున్నం మరకలు పట్టిన మూత మీద ఉంటుంది. తేడా అక్కడే వస్తుంది.

#3 సోల్డరు_బాబాయి

చిప్పు గురించి దిగులు ఆఖర్న పడొచ్చు. ముందు పోయేది అడాప్టరు.

అందులో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఉంటాయి. మామూలు రకం మీద 105 డిగ్రీలు, 2,000 గంటలు అని ఉంటుంది. వేడి 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపు అవుతుందని లెక్క. కెపాసిటరు 75 డిగ్రీల దగ్గర నడిస్తే 16,000 గంటలు. రోజుకి 8 గంటలైతే అయిదున్నరేళ్లు. అదే అడాప్టరుని మూసిన క్యాబినెట్లో, ఎయిర్ పంపు పక్కన, గుడ్డ కింద కుక్కితే 85కి పోతుంది. అప్పుడు 8,000 గంటలు, మూడేళ్లు కూడా నిండవు. గోడకి తగిలించి గాలి ఆడనిస్తే చాలు, పైసా ఖర్చు లేకుండా ఆయుష్షు రెట్టింపు.

మీ లైటు 12 వోల్టులదన్నారు కాబట్టి ఒక సంగతి. ఇలాంటి వాటిల్లో ఎక్కువగా మూడేసి ఎల్‌ఈడీలు వరసగా, వాటితో ఒక రెసిస్టరు ఉంటాయి. తెల్ల ఎల్‌ఈడీ ఒక్కోటి సుమారు 3.1 వోల్టులు తీసుకుంటుంది, మూడింటికి 9.3. మిగిలిన 2.7 రెసిస్టరు మీద పడుతుంది, కరెంటుని నిర్ణయించేది అదే. అడాప్టరు నీరసించి 12కి బదులు 11 ఇచ్చిందనుకోండి, రెసిస్టరు మీద మిగిలేది 1.7. అంటే ఒక్క వోల్టు తగ్గినందుకే కరెంటు మూడో వంతు పైగా పడిపోతుంది, వెలుగూ దాదాపు అంతే పడిపోతుంది. అన్నీ వెలుగుతూనే ఉంటాయి, కానీ అన్నీ మందంగా. చూసేవాళ్లు "ఎల్‌ఈడీలు ముసలివైపోయాయి" అనుకుంటారు.

మల్టీమీటరు తీసి లైటు వెలుగుతుండగా వోల్టేజి చూడండి. విడిగా చూస్తే 12.3 చూపిస్తుంది, మోసపోతారు. లోడు మీదే చూడాలి. అడాప్టరు చివర ఒకసారి, లైటు వైపు సాకెట్ దగ్గర ఒకసారి. మొదటి చోట 12 ఉండి రెండో చోట 11 ఉంటే తప్పు అడాప్టరుది కాదు, తీగదో పిన్నుదో.

#4 హైదరాబాదీ_గప్పీ

ఇంత తలనొప్పి ఎందుకు భయ్యా, రెండేళ్లకోసారి లైటు మార్చేస్తే పోలా?

#5 నీటిమొక్క

తప్పు అడాప్టరుదైతే కొత్త లైటుతో కొత్త అడాప్టరు వస్తుంది కాబట్టి "లైటు మార్చగానే బాగైంది" అనిపిస్తుంది. తప్పు మూతదైతే కొత్త లైటు పెట్టినా మొక్కలు అలాగే ఉంటాయి. ఎరువుదైతే కొత్త లైటుతో నాచు కూడా ఉచితంగా వస్తుంది.

@గాజుతొట్టి, ముందు మూత సంగతి చూడండి. మన బోరు నీళ్లకి గాజు మూత అడుగున సున్నం పొర పట్టడం మామూలే. లోపల తేమ ఉన్నంతసేపు అది కనపడదు. మూత తీసి పూర్తిగా ఆరనిస్తే తెల్లగా తేలుతుంది.

తుడిచే పద్ధతి: గాజైతే తెల్ల వెనిగర్‌లో గుడ్డ తడిపి ఆ మరక మీద 10–15 నిమిషాలు పరిచి ఉంచండి, తర్వాత పాత ఏటీఎం కార్డు అంచుతో గీకి మంచినీళ్లతో కడగండి. వెనిగర్ లేకపోతే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పెద్ద చెంచా నిమ్మ ఉప్పు. లైటు అద్దం అక్రిలిక్ అయితే అమోనియా ఉన్న గ్లాసు క్లీనర్, స్పిరిట్, థిన్నర్ ఏవీ ముట్టించొద్దు. సన్నని జాలీలా పగుళ్లు వచ్చేస్తాయి, ఇక అది పోదు. తడి గుడ్డతో తుడవడమే. దేన్నీ లైటు మీద స్ప్రే చేయొద్దు, గుడ్డ మీద వేసుకుని తుడవండి.

#6 పార్_మీటరు

కళ్లని నమ్మి వెలుగు కొలవొద్దు. నెలకి ఒక శాతం చొప్పున తగ్గితే కన్ను దానికి అలవాటు పడిపోతుంది, 30 శాతం పోయినా పసిగట్టదు. మొక్కలు మాత్రం పసిగడతాయి.

సరైన సాధనం పార్ మీటరు, అంటే మొక్కలు వాడుకోగల వెలుగుని (పార్) మైక్రోమోల్స్‌లో కొలిచేది. నీళ్లలో ముంచి కొలవడానికి ఎక్కువమంది వాడేది అపోజీ ఎంక్యూ-510. ఒకరి ఇంటికి కొనడానికి ఖరీదెక్కువ, నలుగురైదుగురు కలిసి కొంటే అర్థముంది. సీఓ2 లేని ట్యాంకులో అడుగున 15–30 మైక్రోమోల్స్ ఉంటే అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ హాయిగా బతుకుతాయి. రోటాలా ఎర్రబడాలంటే 50 దాటాలి, అక్కడ సీఓ2 లేకుండా నడపడం కష్టం.

మీటరు లేకపోతే ఫోన్లో లక్సు (కంటికి కనపడే వెలుగు కొలత) యాప్. చాలామంది దీన్ని వెక్కిరిస్తారు గానీ, అదే లైటుని అదే ఫోన్‌తో ఆర్నెల్లకోసారి పోల్చడానికి సరిపోతుంది. వేరే లైటుతో, వేరే ఫోన్‌తో పోల్చకూడదు. పద్ధతి ఇది:

– రాత్రి గది చీకటి చేసి, లైటు వేసి అరగంట ఆగాలి. ఎల్‌ఈడీ వేడెక్కే కొద్దీ వెలుగు కాస్త తగ్గి నిలకడకి వస్తుంది.
– లైటుని ట్యాంకు మీంచి తీసి రెండు స్టూళ్ల మధ్య పెట్టి, సరిగ్గా 30 సెంటీమీటర్ల కింద ఫోను వెల్లకిలా పెట్టాలి. ఫోను సెన్సారు పైభాగంలో, ఇయర్‌పీస్ పక్కన ఉంటుంది. లైటు నడిమధ్య దాని మీదికి రావాలి.
– ఒకసారి ఉత్తగా, ఒకసారి మధ్యలో గాజు మూత అడ్డం పెట్టి. ఆ రెండు అంకెల మధ్య తేడా మూత మింగిన వెలుగు.

తెల్ల ఎల్‌ఈడీకైతే లక్సుని 65–70తో భాగిస్తే గాలిలో పార్ రమారమి వస్తుంది. నీలం, ఎరుపు చిప్పులు కలిసిన లైటుకి ఈ భాగహారం పనికిరాదు. లక్సు సెన్సారు మనిషి కంటిలాగే పచ్చ రంగుకే పెద్దపీట వేస్తుంది.

కొత్త లైటు కొన్నరోజే ఈ అంకె రాసిపెట్టుకుంటే "ఎప్పుడు మార్చాలి" అన్న ప్రశ్నకి జవాబు మీ దగ్గరే ఉంటుంది. శుభ్రం చేశాక, అడాప్టరు సరిగ్గా ఉన్నాక కూడా 70 శాతం కంటే దిగితే మార్చండి. అంతకు ముందు అవసరం లేదు.

#7 రీఫ్_వైజాగ్

ఉప్పునీటి ట్యాంకులకి లెక్క కాస్త వేరు. ఉప్పు తుంపర్లు ఎండి లైటు మీద పేరుకుంటాయి, గాలిలో తేమ పీల్చుకుని మళ్లీ కరుగుతాయి, అలా బోర్డు మీద రాగి గీతలని తినేస్తాయి. పచ్చగా చిలుము కనపడితే అదే. వారానికోసారి లైటు ఆర్పి, చల్లారాక, ఆర్‌ఓ నీళ్లలో పిండిన గుడ్డతో అద్దం తుడవాలి.

ఫ్యాను ఉన్న లైట్లలో మూడు నెలలకోసారి బ్రష్‌తో దుమ్ము దులపాలి. ఫ్యాను గరగరలాడడం మొదలైతే ఆగిపోయే దాకా చూడకుండా మార్చేయండి. అది ఆగితే మంచి లైట్లు తమంతట తామే వెలుగు తగ్గించుకుంటాయి, నాసిరకంవి తగ్గించుకోకుండా మాడతాయి.

చిప్పులన్నీ ఒకేలా ముసలివవవు. 400–420 నానోమీటర్ల ఊదా రంగు చిప్పులు ముందు దెబ్బతింటాయి, పొట్టి తరంగాలకి పైన ఉన్న కప్పు పదార్థం త్వరగా చెడుతుంది. 450 నీలం గట్టి పిండం. ఎరుపుకి వేడి పడదు, వేడెక్కితే అన్నిటికంటే ఎక్కువ మందగిస్తుంది, చల్లబడితే మళ్లీ కోలుకుంటుంది. తెల్లది నిజానికి పసుపు ఫాస్ఫరు పూసిన నీలం చిప్పే. పూత పాడైతే వెలుగుతో పాటు రంగు కూడా మారుతుంది. ఎస్‌పీఎస్ (చిన్న నోళ్ల గట్టి రకం) పగడాలు పెంచేవాళ్లకి 200–350 పార్ కావాలి కాబట్టి ఏడాదికోసారి మీటరు పెట్టి చూడక తప్పదు. మొక్కల ట్యాంకుకి అంత పట్టింపు అక్కర్లేదు.

#8 కొర్రమీను77

నా లైటులో వరసగా మూడు మాత్రమే ఆరిపోయాయి, మిగతావి బాగున్నాయి. చచ్చినదాన్ని తీగ ముక్కతో కలిపేస్తే మిగతా రెండూ వెలుగుతాయని ఒక వీడియోలో చూశాను. చేయొచ్చా?

#9 సోల్డరు_బాబాయి

12 వోల్టుల పట్టీలో వద్దు. పైన లెక్క మళ్లీ చూడండి. మూడింటికి బదులు రెండే ఉంటే 6.2 పోను రెసిస్టరు మీద 5.8 వోల్టులు పడుతుంది, 2.7 ఉండాల్సిన చోట. కరెంటు రెట్టింపు దాటుతుంది. నాలుగు రోజులు ధగధగా వెలిగి ఆ రెండూ కూడా పోతాయి, రెసిస్టరు కింద బోర్డు మాడుతుంది. చచ్చినదాన్ని మార్చాలి, లేదా ఆ మూడింటినీ అలాగే వదిలేయాలి. 24 వాట్ల లైటులో మూడు పోతే ట్యాంకు ఏమీ మునిగిపోదు.

ఏది చచ్చిందో కనుక్కోవడానికి: ప్లగ్గు పీకేసి, 3 వోల్టుల బటన్ సెల్‌కి రెండు సన్న తీగలు పట్టించి ఒక్కో ఎల్‌ఈడీ కాళ్లకి తాకించండి. బాగున్నది మిణుక్కుమంటుంది. వెలగకపోతే తీగలు తిప్పి తాకించి చూడండి, ప్లస్సు మైనస్సు తారుమారై ఉండొచ్చు. చాలాసార్లు చచ్చిన చిప్పు మధ్యలో నల్ల చుక్క కంటికే కనపడుతుంది. మూడూ బాగుంటే సోల్డరు పగిలిందన్నమాట.

కొత్తది వేసేటప్పుడు సైజు చూసుకోండి, 2835, 5050, 5730 ఒకదాని చోట ఒకటి కూర్చోవు. అల్యూమినియం బోర్డు వేడిని లాగేసుకుంటుంది కాబట్టి 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో పని అవదు, 60 వాట్లది కావాలి. ఐరన్ మొన పెట్టి ఎక్కువసేపు ఉంచితే పక్కనున్నవి కూడా ఊడతాయి. హైదరాబాదులో అయితే విడిభాగాలు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవరు (వోల్టేజి కాక కరెంటుని ఒకే స్థాయిలో ఉంచేది) ఉన్న లైట్లలో కథ వేరు. అక్కడ పదో పన్నెండో వరసగా ఉంటాయి, ఒకటి పోతే మొత్తం చీకటి. డ్రైవరు లేబుల్ మీద "24–40 వోల్టులు, 300 మిల్లీయాంపులు" లాంటిది ఉంటే ఆ రకం. దానికి మామూలు అడాప్టరు పనికిరాదు. ఈ డ్రైవర్లలో కొన్ని ఇంటి కరెంటు నుంచి విడిపడి ఉండవు, బోర్డు ముట్టుకుంటే షాకు కొడుతుంది. లైటు వెలుగుతుండగా అందులో చెయ్యి పెట్టొద్దు.

#10 హైదరాబాదీ_గప్పీ

నీళ్లలో ముంచి పెట్టే ట్యూబు లైట్లున్నాయి కదా, అవెన్నాళ్లు వస్తాయి?

#11 రీఫ్_వైజాగ్

లోపల తేమ చుక్క కనపడేదాకా. రెండు చివర్లా రబ్బరు బిరడాలుంటాయి, వేడికీ చల్లదనానికీ వ్యాకోచించి సంకోచించి వదులవుతాయి. ఆవిరి పట్టిందంటే ఆరబెట్టి మళ్లీ వాడొద్దు, పారేయండి. నేరుగా 230 వోల్టులు లోపలికి వెళ్లే రకమైతే అసలు కొనొద్దు. బయట అడాప్టరు ఉండి 12 వోల్టులే నీళ్లలోకి వెళ్లాలి.

ఏ లైటైనా సరే, తీగ ట్యాంకు నుంచి కిందికి వేలాడి వంపు తిరిగి పైకి ప్లగ్గుకి వెళ్లాలి. నీళ్లు తీగ వెంబడి జారినా వంపు దగ్గరే కారిపోతాయి. ఆ లైన్ మీద 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ ఆపేసే స్విచ్చు) ఉండాలి. ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు పీకాలి.

#12 గాజుతొట్టి

కొలిచాను.

వోల్టేజి: విడిగా 12.3. లోడు మీద అడాప్టరు చివర 11.1, లైటు వైపు కూడా 11.1.
లక్సు, 30 సెంటీమీటర్ల దగ్గర: ఉత్తగా 6,400. మధ్యలో మూత పెడితే 4,700.

మూత ఆరాక చూస్తే సున్నం కొట్టిన గోడలా ఉంది. అడాప్టరు మీద 12 వోల్టులు 2 యాంపులు అని ఉంది.

#13 సోల్డరు_బాబాయి

దొరికింది. రెండు చోట్లా 11.1 కాబట్టి తీగ బాగానే ఉంది, అడాప్టరే నీరసించింది. 24 వాట్లని 12తో భాగిస్తే 2 యాంపులు. అంటే మూడేళ్లుగా నూటికి నూరు శాతం లోడు మీద నడిచింది పాపం. 12 వోల్టులు 3 యాంపులది తీసుకోండి. యాంపులు ఎక్కువైతే లైటు మాడుతుందన్న భయం వద్దు, లైటు తనకి కావలసిందే లాక్కుంటుంది. వోల్టులు మాత్రం మారకూడదు.

కొనేటప్పుడు పిన్ను చూసుకోండి. బయటి కొలత రెండింటికీ 5.5 మిల్లీమీటర్లే, లోపలి రంధ్రం 2.1 ఒకటి, 2.5 ఒకటి. 2.1 సాకెట్లో 2.5 పిన్ను పెడితే దూరుతుంది గానీ వదులుగా ఉండి, పట్టుకుంటే వెలిగి వదిలితే మినుకుతుంది, వేడెక్కి సాకెట్ కరుగుతుంది. మధ్యలోది ప్లస్సా మైనస్సా అన్న బొమ్మ రెండు అడాప్టర్ల మీదా ఒకటే ఉండాలి. బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉన్నది కొనండి. తూకం వేసి చూస్తే కూడా తెలిసిపోతుంది, మరీ తేలిగ్గా ఉన్న దాంట్లో సరుకుండదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు వోల్టేజి ఎగిసే ఏరియా అయితే స్పైక్ గార్డు పెట్టండి.

#14 గాజుతొట్టి

3 యాంపులది పెట్టాను. లోడు మీద 12.1. ఉత్తగా 8,900 లక్సు. మూత వెనిగర్‌తో రెండుసార్లు కడిగాక, మూతతో 8,000. లైటు మార్చాల్సిన పని లేనట్టేనా?

#15 పార్_మీటరు

మార్చాల్సిన పని లేదు. ఆ 8,900 అంకె, తేదీ లైటు వెనక మార్కరుతో రాసేయండి. వచ్చే ఏడాది ఇదే పద్ధతిలో కొలిచి పోల్చుకోండి. 6,200 దాకా దిగితే అప్పుడు కొత్తది.

#16 నీటిమొక్క

సంబరపడే ముందు ఒక మాట. 4,700 నుంచి 8,000 అంటే మీ మొక్కలకి రాత్రికి రాత్రి 70 శాతం వెలుగు పెరిగింది. కొత్త లైటు పెట్టినదానికీ దీనికీ తేడా లేదు. 8 గంటలు అలాగే ఉంచితే రెండు వారాల్లో గాజు మీద పచ్చ పొర, అనుబియాస్ ఆకుల మీద నల్ల నాచు. సీఓ2 లేని ట్యాంకు ఇంత వెలుగుని ఒక్కసారిగా వాడుకోలేదు.

ఇవాళే టైమరు 5 గంటలకి తగ్గించండి. వారానికి అరగంట చొప్పున పెంచి 7 దగ్గర ఆపండి. డిమ్మరు ఉంటే 60 శాతం దగ్గర మొదలుపెట్టి వారానికి 10 పెంచేవాళ్లం, మీ దానికి లేదు కాబట్టి గంటలే దారి. లేదంటే లైటుని 10 సెంటీమీటర్లు పైకి లేపినా సరే. రోటాలా కింది ఆకులు రాలిన కాడలు మళ్లీ ఆకు తొడగవు, కొసలు కత్తిరించి తిరిగి నాటండి. ఎరుపు రాలేదని ఎరువు పెంచొద్దు, నెల రోజులు అన్నీ అలాగే ఉంచి చూడండి.

#17 గాజుతొట్టి

టైమరు 5కి పెట్టాను. పాత అడాప్టరుని ఎయిర్ పంపుకి వాడుకోవచ్చా?

#18 సోల్డరు_బాబాయి

ఎయిర్ పంపు 230 వోల్టుల ఏసీది కదండీ, దానికి అడాప్టరే అక్కర్లేదు. 12 వోల్టుల చిన్న ఫ్యానుంటే తగిలించండి, వేసవిలో నీళ్ల మీదికి తిప్పుకోవచ్చు. అడాప్టరు పైభాగం ఉబ్బినట్టున్నా, కాలిన వాసన వచ్చినా మాత్రం నేరుగా ఈ-వేస్ట్‌లో వేసేయండి.